ఆవపట్టు

మరిగే నీళ్ళు పోయకు, అనేది అమ్మ.
మరిగిస్తే ఆవ చచ్చిపోతుంది.
చంటిబిడ్డ స్నానానికి
మోచేత్తో చూసుకునే వేడి చాలు,
అప్పుడే దానికి కోపమొస్తుంది.

అమ్మ పేరు గ్లాఫీరా.
సరెప్తాలో ఆవమిల్లు వెనక వీధి మాది.
డాక్టరు వోల్గాకి అవతలి ఒడ్డున.
మంచుపలకలు కొట్టుకొచ్చే నెలలో పడవ రాదు,
నది గడ్డకట్టాక బండి వస్తుంది గాని
డాక్టరు రాడు.

మిల్లు వదిలే వేళకి
కూలీల కనుబొమల నిండా పసుపు దుమ్ము.
ఘాటు నషాళానికెక్కి
నవ్వుకుంటూ ఏడ్చుకుంటూ ఇళ్ళకెళ్ళేవాళ్ళు.
మా వీధిలో ఎవరైనా కళ్ళు తుడుచుకుంటే
ఎందుకని అడిగే అలవాటు లేదు.

నడుం పట్టేస్తే ఆవనూనె.
కాళ్ళు చల్లబడితే బక్కెట్టులో గుప్పెడు పొడి.
తాగొచ్చి పడిపోయినవాడికి
గ్లాసు నీళ్ళలో చెంచాడు, కడుపులోదంతా కక్కేదాకా.
దగ్గుకి మాత్రం పట్టు.
రై పిండి సగం, ఆవపిండి సగం
పాత నారబట్ట మడతలో పరిచి
రొమ్ము మీద, గుండెకి తగలకుండా
కాస్త కుడికి జరిపి వేసేది.

మా ఇంట్లో గడియారం లేదు.
పక్కన కూర్చుని మేజోడు అల్లేది.
పిల్లలకి రెండు వరసలు, పెద్దలకి ఆరు.
ఏడో వరసకి బొబ్బ లేస్తుంది.
దగ్గు తగ్గేసరికి మేజోళ్ళు జత పూర్తయ్యేవి,
వాటిలోనే చిటికెడు పొడి చల్లి
రోగి కాళ్ళకి తొడిగి వచ్చేది.

లోపలి మంటని బయటికి పిలవాలంటే
బయట ఇంకో మంట పెట్టాలి, అనేది,
దారి తప్పిన దూడని
మరో దూడ మెడగంట వినిపించి రప్పించినట్టు.

తర్వాత నేను నగరంలో నర్సు చదువు చదివాను.
ప్రొఫెసరు నవ్వాడు:
చర్మం ఎర్రబడుతుంది, అంతే.
నేను ఎదురు చెప్పలేదు.
అన్ఫీసా గుర్తొచ్చింది, ఆరేళ్ళ పిల్ల.
రెండు వరసలు, మళ్ళీ రెండు వరసలు,
తెల్లారేసరికి పట్టూ చల్లబడింది, పిల్లా చల్లబడింది.
సగమైన ఆ మేజోడుని అమ్మ విప్పేసింది,
ఆ ఊలుతో మరెవరికీ అల్లలేదు.

కాని యెవ్సేయ్ సంగతి
ప్రొఫెసరుకి నేను చెప్పలేదు.

యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు.
కాళ్ళూ చేతులూ ఉన్నాయి, మాట లేదు.
పెళ్ళాం ఉస్తీన్యా సూపు పోస్తే తాగుతాడు,
తలుపు తీస్తే లేచి వెళ్ళి
మూసేదాకా గడపలోనే నిలబడతాడు.
పదకొండు నెలలు.
ఫిబ్రవరిలో రొమ్ము పట్టేసి, ఒళ్ళు కాలిపోతుంటే
అమ్మ వెళ్ళింది, లాంతరు పట్టుకుని నేను.

ఒకటి. రెండు.
నాలుగో వరసలో అతని వేళ్ళు
దుప్పటి అంచుని వెతుక్కున్నాయి.
ఆరు.
అమ్మ సూదులు ఆపలేదు.
అమ్మా, అన్నాను.
ఊరుకో, అంది.

ఏడో వరస సగంలో
నేలమాళిగ తలుపు కిర్రుమన్నట్టు
ఒక గొంతు:
మండుతోంది.

ఉస్తీన్యా చేతిలో గిన్నె జారిపోయింది.

మండుతోంది, ఉస్త్యా. తియ్యి.

ఆవిడ తియ్యలేదు.
మోకాళ్ళ మీద పడి
ఇంకొక్కసారి అనమంది.

బొబ్బ లేచింది, అరచేయంత.
అమ్మ దానికి బాతుకొవ్వు రాసి
అతన్ని క్షమించమని అడిగింది,
అతను సరేనన్నాడు.
సరే, అని. నోటితో.

ఇంటికొస్తుంటే దారంతా కొత్త మంచు.
లాంతరు వెలుగు అంచున
అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.
ఎందుకని నేను అడగలేదు.